సైకిలు కింద నిమ్మకాయ

జీడిగట్టు పురపాలక సంఘంలో ఆయుధపూజకు ఒక పద్ధతి ఉంది. మోటారున్న బండికి చక్రానికొక నిమ్మకాయ. మోటారు లేని బండికి బొట్టు. చెత్త ట్రాక్టరు, నీళ్ళ ట్యాంకరు, దోమల పొగబండి, కమిషనరు గారి జీపు, వీటన్నిటి చక్రాలూ లెక్కపెట్టి, సరిగ్గా అన్ని నిమ్మకాయలే కొనిపించి, రసీదు ఫైల్లో పెట్టడం మేనేజరు పట్నాయక్ గారి బాధ్యత. ఒక్క కాయ ఎక్కువ కొంటే ఆడిటువాళ్ళు తనని పిండుతారని ఆయన భయం.

ఆ దసరాకి పంతులుగారు ఆనవాయితీ ప్రకారం చిన్న బండితో మొదలుపెట్టారు. అది ఒక పాత సైకిలు. కాని దాని వెనక చక్రం మధ్యలో కొబ్బరికాయంత మోటారు ఉంది, సీటు కింద బ్యాటరీ ఉంది. పంతులుగారు శాస్త్రం తెలిసిన మనిషి. మోటారు కనిపించింది కనక రెండు చక్రాల కిందా రెండు కాయలు పెట్టి ముందుకు సాగిపోయారు. చివరికి కమిషనరు గారి జీపు దగ్గరికి వచ్చేసరికి ముందు చక్రాలకి కాయలున్నాయి గాని వెనక చక్రాలకి లేవు.

కొబ్బరికాయ కొట్టారు, జీపు కదిలింది. ముందు కాయలు టప్పుమన్నాయి. వెనక ఏ చప్పుడూ లేదు. కమిషనరు విశ్వంభరం గారు మేనేజరు వంక చూశారు. మేనేజరు పంతులుగారి వంక చూశారు. పంతులుగారు సైకిలు వంక చూశారు. అప్పుడు అందరూ కలిసి సైకిలు పక్కన చేతులు కట్టుకుని, మొహం వెలిగిపోతూ నుంచున్న అప్పలసూరి వంక చూశారు.

అప్పలసూరి ఉద్యోగం వీధి వీధికీ వెళ్ళి నీళ్ళ వాల్వులు తిప్పడం. అతను తిప్పితే ఊరికి నీళ్ళు, తిప్పకపోతే లేవు. ఊళ్ళో అన్ని వాల్వులూ ఒక ఎత్తు, మెట్ట వీధి వాల్వు ఒక ఎత్తు. అది గట్టు మీద ఉంది. మెట్ట వీధి ఆడవాళ్ళందరూ జీడి ఫ్యాక్టరీలో గింజ కొట్టే పనికి వెళ్తారు. పొద్దున్నే ఫ్యాక్టరీ ఒకసారి కూస్తుంది, బయల్దేరమని. ఇంకోసారి కూస్తుంది, గేటు వేసేశామని. మొదటి కూతకి ముందే నీళ్ళు రావాలి. రాకపోతే నీళ్ళైనా వదులుకోవాలి, ఆ పూట కూలైనా వదులుకోవాలి. అలా వదులుకునేవాళ్ళలో అప్పలసూరి భార్య పైడితల్లి కూడా ఉంది. అందుచేత ఆ వాల్వు సంగతి ఆఫీసులో ఎవరు మరిచిపోయినా ఇంట్లో మరిచిపోనిచ్చేవాళ్ళు లేరు.

ఇన్నేళ్ళూ గట్టు తొక్కి తొక్కి అప్పలసూరి ఎడమ మోకాలు అరిగిపోయింది. దిగి తోసుకుంటూ వెళ్తే ఆలస్యం. తొక్కితే ప్రాణం పోయినంత నొప్పి. పైడితల్లి చూసి చూసి చీటీ పాడింది. బజార్లో సైకిలు షాపు కూర్మయ్య ఆ డబ్బుతో మోటారూ బ్యాటరీ తెప్పించి బిగించాడు. మర్నాటి నుంచి అప్పలసూరి గట్టెక్కడం చూసినవాళ్ళు, వీడికి ఏ దేవుడు పూనాడో అనుకున్నారు. మెట్ట వీధికి చీకటి ఉండగానే నీళ్ళు వచ్చేవి. ఆడవాళ్ళు స్నానాలు చేసి, తలలు దువ్వుకుని, మొదటి కూతకి ముందే గేటు దగ్గరుండేవారు.

ఇంత సుఖంగా ఉన్నవాడు ఊరుకోవచ్చు కదా. ఆయుధపూజ అనేసరికి అతనికి భక్తి పొంగుకొచ్చింది.

"ఆపీసుకి అట్టుకెల్లకు మావా," అంది పైడితల్లి. "బాగున్నదాన్ని ఆల్లకి సూపించకూడదు."

"ఆయుధపూజ నాడు బండిని దాసీస్తే అమ్మోరికి కోపమొస్తాదే."

అమ్మవారి సంగతి తెలీదు గాని, కమిషనరు గారికి వచ్చింది. ఎందుకంటే ఆ వారంలోనే జీపు వెనక చక్రం పంచరయింది.

*

పట్నాయక్ గారు మంచివారే. ఒకరికి అపకారం చెయ్యాలన్న ఆలోచన ఆయనకు ఏనాడూ లేదు. ఆయనకున్నది నిబంధన ఒక్కటే. దాన్ని కూడా ఆయన కళ్ళకద్దుకునే వాడుతారు.

"అప్పలసూరీ, ఈ సైకిలు ఎవరిదోయ్?"

"మీదే బాబూ. మునిసిపాలిటీదే. నాను పన్లో సేరినపుడిచ్చినారు."

"మోటారు ఎవరిది?"

"నాదే బాబూ. మా ఇంటిది సీటీ పాడి కొన్నాది."

పట్నాయక్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అంటే ప్రభుత్వ ఆస్తిలోకి ప్రైవేటు ఆస్తి అనుమతి లేకుండా ప్రవేశించి స్థిరనివాసం ఏర్పరుచుకుంది. దీన్ని ఆక్రమణ అంటారు. ఊళ్ళో కాలవ గట్ల మీద ఆక్రమణలు తొలగించే మనమే మన సైకిలు మీద ఆక్రమణను సహిస్తే ప్రజలకు ఏం సమాధానం చెప్తాం?"

అప్పలసూరి సైకిలు సీటు మీద దుమ్ము తుడిచాడు.

"ఇంకో సంగతి. నీకు సైకిలు భత్యం దేనికిస్తున్నాం?"

"సైకిలుకి బాబూ."

"కాదు. తొక్కినందుకు. నువ్వు తొక్కుతున్నావా, అదే తిరుగుతోందా? ఇది తేలాలి."

తేల్చే పని ఇంజనీరు సౌదామిని గారి మీద పడింది. ఆవిడ చిన్న వయసులో, చాలా ఆశలతో ఈ ఊరు వచ్చిన మనిషి. పొద్దున్నే స్కూటరు మీద అప్పలసూరి వెనకాల గట్టు ఎక్కింది. వెనక మేడంగారు వస్తున్నారని తెలిసి, ఊరికే కూర్చుని వెళ్తే మర్యాదగా ఉండదని, అప్పలసూరి దారి పొడుగునా కాళ్ళు ఆడిస్తూనే ఉన్నాడు. సౌదామిని గారు చూసింది చూసినట్టు నివేదిక రాసింది: "కాళ్ళు కదులుచున్నవి. అయితే ఆ కదలికకూ ప్రయాణమునకూ సంబంధము కానరాలేదు."

ఈ వాక్యం మీద భత్యం ఆగిపోయింది. దాంతోనైనా కథ ఆగిపోవలసింది. సరిగ్గా అప్పుడే పైనుంచి 'హరిత చక్రం' దిగింది.

*

హరిత చక్రం అంటే పురపాలక సంఘాలన్నీ కరెంటు సైకిళ్ళలోకి మారాలని ఒక ఉత్తర్వు. మామూలు సైకిలుకు మోటారు బిగించి మార్చుకోవచ్చు. లేదా తయారుగా ఉన్న కరెంటు సైకిలు కొనుక్కోవచ్చు. ఏదో ఒకటి. ఈ 'ఏదో ఒకటి' అన్న మాట ఉత్తర్వు రాసినాయన ఎంత తేలిగ్గా రాశాడో గాని, జీడిగట్టులో అది పిడుగులా పడింది.

విశ్వంభరం గారు అత్యవసర సమావేశం పెట్టారు. అప్పలసూరిని వినియోగదారుల ప్రతినిధిగా పిలిచి గుమ్మం దగ్గర నిలబెట్టారు.

"మిత్రులారా," అన్నారు కమిషనరు గారు, "మార్చుకొనుటయా, కొనుటయా? ఇది చిన్న ప్రశ్న కాదు. రేపటి తరం మనల్ని ఈ ప్రశ్నతోనే నిలదీస్తుంది. తొందరపాటు నిర్ణయం నా హయాంలో జరగదు."

ఆయన హయాంలో ఏ నిర్ణయమూ జరగలేదు కనక ఎవరూ కాదనలేదు.

అప్పలసూరి గొంతు సవరించుకున్నాడు. "బాబూ, నా సైకిలుకి మోటారున్నాది గదా. ఇన్నాల్టికి నా మోకాలుకి సుకంగున్నాది, మెట్టకి నీల్లెల్తన్నాయి. దాన్నలగొగ్గీండి సాలు."

కమిషనరు గారు జాలిగా నవ్వారు. "ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేస్తే ఇక అభివృద్ధి ఎక్కడుందయ్యా?"

పట్నాయక్ గారు ఉత్తర్వు తిరగేశారు. "సార్, మార్పిడికి నిధులు రావాలంటే సైకిలు మామూలుదై ఉండాలి. ఇతని సైకిలు ఇప్పటికే మారిపోయి ఉంది. మారినదాన్ని మార్చలేం. ముందు దీన్ని మామూలు సైకిలు చెయ్యాలి. అప్పుడు గాని కరెంటు సైకిలు చెయ్యడానికి అర్హత రాదు."

ఆ సాయంత్రమే కూర్మయ్యని పిలిపించి మోటారూ బ్యాటరీ ఊడదీయించారు. గోనెసంచిలో వేసి, లక్క సీలు కొట్టి, స్టోరులో పెట్టారు. పక్కనే సైకిలుని కూడా అధ్యయన నమూనాగా గొలుసేసి కట్టారు.

"మల్లీ బిగించడానికే ఊడదీస్తన్నారా బాబూ?" అన్నాడు కూర్మయ్య.

"సక్రమంగా బిగించడానికి," అన్నారు పట్నాయక్ గారు.

కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, అప్పలసూరికి మోటారూ పోయింది, సైకిలూ పోయింది. ఆ అరిగిన మోకాలితో ఊరంతా నడవడం మొదలెట్టాడు. మెట్ట వీధికి నీళ్ళు మొదటి కూతకీ రెండో కూతకీ మధ్య రావడం మొదలైంది. తర్వాత రెండో కూతకి రావడం మొదలైంది.

*

ఆఫీసులో పని మాత్రం జోరుగా నడుస్తోంది. మార్పిడి చెయ్యాలంటే పాత సైకిలు దృఢంగా ఉందని ఇంజనీరు రాయాలి. కొత్తది కొనాలంటే పాత సైకిలు పనికిరాదని అదే ఇంజనీరు రాయాలి. ఏది తేలుతుందో తెలియదు కనక రెండూ రాయించి సిద్ధంగా పెట్టుకోవడం మంచిదని పట్నాయక్ గారి సలహా.

సౌదామిని గారు మొదట ఒప్పుకోలేదు. "ఒకే సైకిలు ఒకే రోజున పనికొచ్చేదీ పనికిరానిదీ ఎలా అవుతుంది సార్?"

"అవుతుందమ్మా. పొద్దున ఒకటి రాయి, మధ్యాహ్నం ఒకటి రాయి."

ఆవిడ అలాగే రాసింది. ఆ తర్వాత ఆవిడ ఎవరినీ ఏమీ అడగడం మానేసింది. ఏ కాగితం వచ్చినా ఎక్కడ సంతకం అని మాత్రమే అడిగేది.

ఈలోగా గట్టు వాలు మీద ఏ సైకిలు బాగా ఎక్కుతుందో శాస్త్రీయంగా చూడాలన్నారు. జీడిగట్టులో గట్టు ఉంది గాని అది అధ్యయనానికి సరిపడా ఎత్తు లేదని తేలింది. కమిషనరు గారూ మేనేజరు గారూ సకుటుంబంగా ఊటీ వెళ్ళారు. అక్కడి వాలుల్ని క్షుణ్ణంగా పరిశీలించి శాలువాలతో, చాక్లెట్లతో తిరిగొచ్చారు. పట్నాయక్ గారు గుర్తుపెట్టుకుని అప్పలసూరికి ఒక చిన్న నీలగిరి తైలం సీసా తెచ్చారు.

"మోకాలికి రాసుకో. మంచి గుణం ఇస్తుంది."

ఆయన నిజంగానే ప్రేమగా తెచ్చారు. అధ్యయన ఫలితాల్లో అప్పలసూరి దాకా చేరింది అదొక్కటే.

ఇంట్లో ఆ తైలం రాస్తూ పైడితల్లి అంది, "ఇయ్యాల కూడా గేటేసీసినారు మావా. మేస్త్రీ ఏటన్నాడో ఎరుకేనా? నీల్లిచ్చేవోడి పెల్లానివే ఆలీసంగొస్తే మిగతావోల్లనేటంటామన్నాడు. ఈదిలో అందరూ నన్నే సూస్తన్నారు."

"నానేటి సెయ్యనే పైడీ. సైకిలాల్ల సేతిలో ఉన్నాది."

"మోటారు మనది గదా? మన సీటీ డబ్బుల్ది గదా?"

"అది గోనిసంచిలో ఉన్నాది."

పైడితల్లి ఇంకాస్త తైలం ఒంపుకుంది. మోకాలు గట్టిగా నొక్కింది. అతను అబ్బా అన్నాడు. ఆమె తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది.

*

చివరికి తులనాత్మక నివేదిక తయారైంది. మార్పిడి వల్ల కొనుగోలు కన్నా లాభమనీ, కొనుగోలు వల్ల మార్పిడి కన్నా లాభమనీ అందులో తేలింది. రెండు లాభాలూ వదులుకోకూడదని కమిషనరు గారు నిర్ణయించారు. ముందు తయారుగా ఉన్న కరెంటు సైకిలే కొందామన్నారు. కొన్నారు కూడా. ఆకుపచ్చగా, నిగనిగలాడుతూ, ముందు బుట్టతో సహా దిగింది.

అప్పుడు పట్నాయక్ గారికి గుర్తొచ్చింది. వచ్చిన నిధులు మార్పిడి పద్దువి. మార్పిడి పద్దులో సైకిలు కొనవచ్చు, అది మామూలు సైకిలైతే. దానికి మోటారు బిగించనూ వచ్చు. మోటారున్న సైకిలు కొనడానికి మాత్రం వీల్లేదు.

మళ్ళీ కూర్మయ్యకి కబురెళ్ళింది. కొత్త సైకిలు మోటారు విప్పించి, అది మామూలు సైకిలేనని సౌదామిని గారితో సంతకం చేయించారు. ఫోటో తీశారు. ఒక టీ తాగారు. విప్పిన మోటారునే మళ్ళీ బిగించి, మార్పిడి జయప్రదమైందని ఇంకో సంతకం చేయించి, ఇంకో ఫోటో తీశారు. ఆ టీ తాగే మధ్యకాలంలో జీడిగట్టు పురపాలక సంఘం హరిత చక్రంలో జిల్లాకే ఆదర్శమైంది. కూర్మయ్య ఇంటికెళ్ళి, ఈ వ్యాపారం తనకి ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదా అని చాలాసేపు ఆలోచించాడట.

"ఇంక ఎక్కీవొచ్చా బాబూ?" అని అప్పలసూరి ఆశగా అడిగాడు.

"అప్పుడేనా! ప్రారంభోత్సవం కాకుండా? పైగా దీనికి ఛార్జింగు పెట్టాలి కదా."

ఛార్జింగు దగ్గర ఇంకో చిక్కు. ఆఫీసు కరెంటు ఆఫీసు పనికే గాని వాహనానికి వాడరాదు. వాహనానికి వేరే మీటరు కావాలి. మీటరు కావాలంటే ఆ వాహనం కనీసం ఏడాది తిరిగిన దాఖలా కావాలి. సౌర ఫలకాలు పెట్టించాలంటే వాటి పథకం వేరు, ఇంకా పైనుంచి దిగలేదు. అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే పట్నాయక్ గారికి స్టోరులో గొలుసేసి ఉన్న పాత సైకిలు గుర్తొచ్చింది.

పాత సైకిలుని ఆఫీసు పెరట్లో స్టాండు వేసి నిలబెట్టారు. వెనక చక్రానికి డైనమో బిగించారు. దాని తీగ తెచ్చి కొత్త సైకిలు బ్యాటరీకి కలిపారు. పాత సైకిలు తొక్కితే కొత్త సైకిలుకి ఛార్జింగు ఎక్కుతుంది. పొగ లేదు, బిల్లు లేదు. అది చూసి కమిషనరు గారి కళ్ళు చెమర్చాయి. "సంప్రదాయం ఆధునికతకు జన్మనిస్తోంది," అన్నారు.

తొక్కాల్సింది అప్పలసూరి. తొక్కుతున్నాడు కనక ఆగిపోయిన భత్యాన్ని పట్నాయక్ గారు న్యాయంగా పునరుద్ధరించారు. కాని తొక్కడానికి మనిషిని నియమించాలంటే పోస్టు మంజూరు కావాలి. పరికరానికి అలాంటి మంజూరేమీ అక్కర్లేదు. అందుచేత స్టాకు పుస్తకంలో 'ఛార్జింగు పరికరం, పాత సైకిలు దానిపై మనిషితో సహా' అని ఒక్క పద్దుగా ఎక్కించారు. పరికరానికి జీతం ఉండదు, నిర్వహణ ఉంటుంది. ఆ నెల అప్పలసూరికి జీతం బదులు ఒక గ్రీజు డబ్బా ఇచ్చారు.

పొద్దున్న నుంచి పెరట్లో తొక్కి, వాళ్ళు చాలన్నాక దిగి, కుంటుకుంటూ వాల్వులు తిప్పడానికి వెళ్ళేవాడు. మెట్ట వీధికి ఇప్పుడు నీళ్ళు ఎండ నడినెత్తికి వచ్చాక వస్తున్నాయి. ఆ వేళకి వీధిలో పట్టుకునేవాళ్ళెవరూ ఉండరు. నీళ్ళు కుళాయిల్లోంచి వచ్చి కాలవలోకి పోతాయి.

*

ప్రారంభోత్సవానికి ప్రాంతీయ సంచాలకులు గారు వచ్చారు. ఆయన రైలు అందుకోవాలి కనక తెల్లవారుతూనే సభ పెట్టారు. వేదిక పక్కనే అప్పలసూరి పాత సైకిలెక్కి తొక్కుతున్నాడు. ప్రత్యక్ష ప్రదర్శన. మెడలో ఒక బంతిపూల దండ, వెనక ఒక ఆకుపచ్చ తెర.

విశ్వంభరం గారు మాట్లాడుతున్నారు. మార్పిడీ కొనుగోలూ వేరు కాదని, ఆత్మా పరమాత్మా లాంటివని చెప్తున్నారు. ఈలోగా జీడి ఫ్యాక్టరీ మొదటి కూత కూసింది.

అప్పలసూరి కాళ్ళు ఆగాయి. మెట్ట వాల్వు తిప్పలేదు. రాత్రే చెప్పారు, సభ అయ్యేదాకా కదలొద్దని. గట్టు మీద కుళాయిల దగ్గర, ఇవాళైనా వస్తాయేమోనని, ఖాళీ బిందెలు పెట్టుకుని ఆడవాళ్ళు నుంచుని ఉంటారు. రెండో కూత దాకా చూసి, మురికి చేతులతో, దాహంతో పరుగెత్తుతారు. అందులో పైడితల్లి ఉంటుంది, ఎవరి మొహమూ చూడకుండా.

"తొక్కు, తొక్కు," అన్నారు పట్నాయక్ గారు కింది గొంతుతో.

అప్పలసూరి తొక్కాడు. స్టాండు ఎత్తేసి తొక్కాడు. డైనమో తీగ పటుక్కున తెగింది. ఆకుపచ్చ తెర సగం ఊడి వెంట వచ్చింది. మెడలో దండతో, మోటారు లేని ఆ ముసలి సైకిలు మీద, ఏడుస్తున్న మోకాలితో గట్టు ఎక్కేశాడు. సగం దారిలో మోకాలు ఇంక వల్లకాదంది. దిగి, సైకిలు కిందపడేసి, పాకినట్టుగా వెళ్ళి వాల్వు పట్టుకుని తిప్పాడు. కుళాయిలు ఒక్కసారిగా బుస్సుమన్నాయి. అతను అక్కడే కూలబడ్డాడు. చాలా నెలల తర్వాత తన ఉద్యోగం తాను చేశాననిపించి అతనికి నవ్వొచ్చింది.

కింద సంచాలకులు గారు ప్రారంభోత్సవంగా కొత్త సైకిలెక్కి బయల్దేరారు. గట్టు మొదట్లోకి వచ్చేసరికి ఛార్జి అయిపోయింది. తొక్కుదామంటే పెడళ్ళు లేవు. ఎవరైనా దాన్ని మామూలు సైకిలులా దుర్వినియోగం చేస్తారేమోనని పట్నాయక్ గారు ముందుజాగ్రత్తగా వాటిని ఊడదీసి బీరువాలో పెట్టారు. సంచాలకులు గారిని జీపులో స్టేషనుకి పంపించారు. అప్పటికే రైలు వెళ్ళిపోయింది.

*

విచారణలో ఎవరి తప్పూ లేదని తేలింది. తప్పంతా పరికరానిదే. విధి నిర్వహణలో ఉండగా స్వతహాగా స్టాండు దిగి వెళ్ళిపోయిన పరికరం నమ్మదగినది కాదు. పనికిరాని పరికరాన్ని ఏం చెయ్యాలో నిబంధనల్లో స్పష్టంగానే ఉంది. వేలం వెయ్యాలి.

ఆఫీసు పెరట్లో పగిలిన కుర్చీలు, తుప్పు పట్టిన పారలు, వాటి పక్కన పాత సైకిలు, సైకిలు పక్కన అప్పలసూరి. పాత సామాన్లవాళ్ళు నలుగురైదుగురు వచ్చారు. పట్నాయక్ గారు చదివారు: "ఛార్జింగు పరికరం ఒకటి. పాత సైకిలు, మనిషితో సహా. లోపములు: టైర్లు అరిగినవి. గొలుసు సాగినది. ఎడమ మోకాలు అరిగినది."

ఒకతను సైకిలుని తట్టి చూశాడు. అప్పలసూరిని పైకీ కిందికీ చూశాడు. "ఇనుమొరకూ అయితే తీసుకుంతాను బాబూ. మనిషొద్దు."

"విడదీసి అమ్మే అధికారం నాకు లేదయ్యా," అన్నారు పట్నాయక్ గారు. అప్పలసూరిని కాస్త నీడలోకి జరగమన్నారు. ఆయన మంచివారని ముందే చెప్పాను.

అప్పలసూరి తల దించుకున్నాడు. ఇన్నేళ్ళు ఊరంతటికీ నీళ్ళిచ్చిన వాణ్ణి ఇనుముతో కలిపి ఇస్తామన్నా వద్దంటున్నారు. అక్కడికక్కడే భూమి చీలితే బాగుండుననుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. తుడుచుకుంటే చూస్తారని తుడుచుకోలేదు.

"మేం తీసుకుంతాం."

గేటు దగ్గర పైడితల్లి. ఆమె వెనక మెట్ట వీధి మొత్తం. ఆ పూట ఫ్యాక్టరీ మానేసి వచ్చారు. వేలంపాట పాడేవాళ్ళు చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. గింజ కొట్టి కొట్టి, జీడి పట్టి నల్లబడిపోయిన అరచేతులు. పెరడంతా అవే కనిపించాయి. వాటి మీద పోటీకి ఇంకెవరూ రాలేదు. వీధి చీటీ డబ్బు కొంగులోంచి తీసి పైడితల్లి బల్ల మీద పెట్టింది.

"రసీదియ్యండి బాబూ. సైకిలనీ మనిషనీ రెండూ రాయండి. స్టోరులో గోనిసంచి కూడా యియ్యండి. ఆ మోటారు ఈ సైకిల్దే."

పట్నాయక్ గారు పుస్తకం చూశారు. అనుబంధ సామగ్రి అని ఉంది. సీలు విప్పి ఇచ్చేశారు.

మర్నాడు మెట్ట వీధికి చీకటి ఉండగానే నీళ్ళు వచ్చాయి. మిగతా ఊరికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వాల్వులు తిప్పే మనిషిని అమ్మేసుకున్న సంగతి, కమిషనరు గారు ఒంటినిండా సబ్బు రాసుకున్నాక ఆయనకి తట్టింది. కొత్త మనిషిని పెట్టాలంటే పోస్టు లేదు. ఉన్న పోస్టు పరికరంగా మారి వేలంలో పోయింది. చేసేది లేక పట్నాయక్ గారు స్వయంగా గట్టెక్కి, రొప్పుతూ, పైడితల్లికి వినతిపత్రం ఇచ్చారు. మెట్ట వీధి మహిళలకు చెందిన 'సదరు ఆస్తి'ని పురపాలక సంఘానికి అద్దెకు ఇప్పించ ప్రార్థన.

"ఇస్తాం," అంది పైడితల్లి. "అద్దె నెల మొదట్లో డబ్బులుగా ఇయ్యాల. గ్రీజు వద్దు. ముందల మా ఈది వాలువు, తరవాతే మీ కమీసనరు గోరి ఈది."

అప్పటి నుంచీ అప్పలసూరి జీతం అద్దె పద్దులోంచి వస్తోంది. ఆకుపచ్చ సైకిలు ఆఫీసు హాల్లో అద్దాల పెట్టెలో ఉంది. చూడడానికి పక్క ఊళ్ళవాళ్ళు వస్తుంటారు.

మళ్ళీ దసరా వచ్చింది. మోటారు బిగించిన సైకిలుని పైడితల్లి పసుపు రాసి ఇంటిముందు పెట్టింది. అప్పలసూరి కింద ఆఫీసు వైపు ఒకసారి చూశాడు.

"పైడీ, ఓపాలి ఆపీసుకాడికి..."

ఆమె మిగతా మాట కోసం ఆగలేదు. పెరట్లోకి వెళ్ళి చెట్టు నుంచి రెండు నిమ్మకాయలు తెంపుకొచ్చి రెండు చక్రాల కిందా పెట్టింది.

"ఇవి నా సెట్టు కాయలు. ఎవుడడుగుతాడో అడగమను. ఎక్కు మావా, కూసీ ఏల అయిపోతంది."

అప్పలసూరి ఎక్కాడు. రెండు కాయలూ టప్పుమన్నాయి.